మజూరి తిరిగి రాదు

బంగారం కొనేటప్పుడు ఒక లెక్క, అమ్మేటప్పుడు ఇంకో లెక్క. ఈ సంగతి ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొనేటప్పుడు బంగారం ధర, దాని మీద తరుగు, మజూరి, ఇప్పుడైతే జీఎస్టీ కూడా కడతాం. అదే నగను పదేళ్ల తర్వాత అమ్మబోతే షాపాయన ముందు రాళ్లు తీసి పక్కన పెడతాడు. లోపల లక్క ఉంటే ఆ బరువు తీసేస్తాడు. మిగిలిన బంగారానికే ధర చెప్తాడు. ఆ డిజైన్ కోసం మనం కోరుట్లలో, మెట్‌పల్లిలో ఎన్ని షాపులు ఎక్కి దిగామో ఆయనకు అక్కర్లేదు. మజూరి పోయినట్టే.

కార్లకు కూడా ఇదే లెక్క అని నాకు 2024లో తెలిసింది. ఆ సంవత్సరం మా పెద్దోడు అమెరికాలో తన కారు అమ్మాడు. కారు అమ్మడం పెద్ద విషయమా అంటారేమో. మా ఇంట్లో మాత్రం పెద్ద విషయమే అయింది.

అది మామూలు కారు కాదు. నిస్సాన్ 300జెడ్ఎక్స్ అనే జపాన్ స్పోర్ట్స్ కారు, 1991 మోడల్. రెండే తలుపులు, రెండే సీట్లు. మూడు లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. కంపెనీ నుంచి బయటికి వచ్చినప్పుడే 300 గుర్రాల బలం. మా మల్లాపూర్‌లో తిరిగే చిన్న కార్లకు అరవై నుంచి తొంభై మధ్య ఉంటుందట. దాని మీద మావాడు ఇంకా ఏవేవో పెట్టించాడు.

టర్బో అంటే ఏమిటో మా ఆయన నాకు చెప్పిన పద్ధతిలోనే చెప్తాను. మా మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ, నడిచిన రోజుల్లో చెరకు పిండగా మిగిలిన పిప్పినే బాయిలర్‌లో వేసి మంట పెట్టేవాళ్లు. ఆ ఆవిరితోనే మళ్లీ చెరకు పిండే యంత్రాలు తిరిగేవి. పారేసేదే పని చేసిపెట్టేది. టర్బో కూడా అంతే. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఊరికే పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానికి జోడుగా ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని అదిమి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోల్ ఎక్కువ కాలుతుంది, బలం ఎక్కువ వస్తుంది. ఇంత చెప్పి మా ఆయన, "పొయ్యి పొగనే మళ్లా పొయ్యిని ఊదినట్టు" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది.

ఆయనకు ఇవన్నీ ఎట్లా తెలుసంటే, పద్దెనిమిదేళ్లు షార్జాలో గ్యారేజీలో పని చేశాడు. 1993లో వెళ్లాడు. మా వైపు ఇంటికొకరు గల్ఫ్ పోయిన కాలం అది. వీసా డబ్బులకు నా గుండ్ల పేరు అమ్మాం. అవుసలాయన గుండ్లు పగలగొట్టి లక్క తీసి తూకం వేస్తుంటే చూడలేక నేను బయటికి వచ్చి నిలబడ్డాను. చేతికి వచ్చిన డబ్బు మేం అనుకున్నదానికన్నా చాలా తక్కువ. మిగతాది మిత్తికి తెచ్చాం.

మొదట్లో ఆయన పని సామాను కడగడం. తర్వాత హెల్పర్, తర్వాత మెకానిక్. అక్కడి కుర్రవాళ్లు తెచ్చే నిస్సాన్లు, టయోటాలు విప్పి బిగించడం. ఫోన్లు లేని రోజులు, ఉత్తరాలే. 1996లో ఒక ఉత్తరంలో ఫోటో వచ్చింది. ఎర్రటి కారు పక్కన నూనె మరకల బట్టలతో ఆయన. కారు గ్యారేజీకి రిపేరుకు వచ్చింది, ఎవరిదో. మా పెద్దోడికి అప్పుడు ఏడేళ్లు. బడికి తీసుకుపోయి, "ఇది మా బాపు కారు" అని అందరికీ చూపించి వచ్చాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొన్నాళ్లకు వాడికే తెలిసిపోయింది. దాని గురించి మళ్లీ మాట్లాడలేదు.

2018లో డాలస్ నుంచి వీడియో కాల్ చేసి, "బాపూ, ఇది గుర్తుపట్టు" అని ఒక కారు చూపించాడు. అదే కారు, అదే ఎరుపు. మా ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చిన్రట?" అని అడిగాడు. ఆ ఇంజన్‌లో బెల్టు తెగితే లోపలి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ పాడవుతుందట. కొడుకు మీద ప్రేమ చూపించే తీరు ఆయనది అట్లాగే ఉంటుంది.

వాడు ఆ కారును 14,000 డాలర్లకు కొన్నాడు. ఐదేళ్లలో దాని మీద ఇంకో 12,000 పెట్టాడు. అందులో 4,000 రిపేర్లకు. బెల్టు, క్లచ్, ఎండిపోయిన రబ్బరు గొట్టాలు, అట్లాంటివి. మిగతా 8,000 మోజుకు. పెద్ద చక్రాలు, బండి కిందికి వంగేటట్టు స్ప్రింగులు, మోత పెట్టే సైలెన్సర్, టర్బో గాలి ఒత్తిడి పెంచే పరికరం, ఇంజన్ కంప్యూటర్‌లో కొత్త చిప్పు. ఈ లెక్క అంతా మా కోడలు రాసి పెట్టింది. ఆమె ఇంటికి వచ్చింది 2020లో. వచ్చిన కొత్తలో నాతో, "అత్తమ్మా, ఆ కారుకు ఉన్న షోకులు నాకు కూడా లేవు" అని నవ్వింది.

2023లో మనవరాలికి ఆరు నెలలప్పుడు మేమిద్దరం అమెరికా వెళ్లాం. నేను పిల్లతో ఉంటే, మా ఆయన గ్యారేజీలో కారుతో ఉన్నాడు. ఆ ఇంజన్ ఎంత ఇరుకంటే చెయ్యి దూరే సందు లేదు. ఎక్కడో గాలి లీకవుతోందని, బండి ముందున్నంత లాగడం లేదని మావాడు అన్నాడు. మా ఆయన నన్ను పిలిచి గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి తెమ్మన్నాడు. గొట్టాల్లోకి గాలి పట్టించి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూశాడు. ఒక చోట బుడగలు వచ్చాయి. గ్యాస్ సిలిండర్ లీకయితే మనం చూసుకునేది కూడా ఇట్లాగే కదా. ఆ పూట తండ్రీ కొడుకులు పక్కపక్కన వంగి పని చేస్తుంటే, వాడు చిన్నప్పుడు పోగొట్టుకున్న సంవత్సరాలు ఎక్కడో కొంచెం వాపసు వచ్చినట్టు నాకనిపించింది.

ఆ గ్యారేజీలో ఒక మూల అట్టపెట్టెలు ఉన్నాయి. కారు నుంచి విప్పేసిన పాత సైలెన్సర్, పాత చక్రాలు, పాత చిప్పు. మావాడు వాటిని పారేద్దామనుకుంటున్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. "కంపెనీ సామాను పారేయకు బిడ్డా. ఎప్పుడన్న అక్కరకొస్తది" అన్నాడు. ఆ మాట ఎంత విలువైనదో తర్వాతి సంవత్సరం తెలిసింది.

2024 జనవరిలో వాడి ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా మీద ఉన్న పిల్లల తల్లులకు దీనర్థం చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోయిన రోజు నుంచి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఈలోపు ఇంకో కంపెనీ వీసా కాగితాలు వెయ్యాలి, లేదంటే వేరే వీసాకు మారాలి, లేదంటే సామాను సర్దుకుని రావాలి. ఇంటి అద్దె, పిల్ల డేకేర్, ఇన్సూరెన్స్ ఎవరి కోసం ఆగవు. వాళ్లకు కార్లు రెండు. ఒకటి అందరూ కూర్చునేది. రెండోది ఈ రెండు సీట్లది, ముగ్గురయ్యాక కుటుంబంతో ఎక్కడికీ పోలేనిది. ఏది అమ్మాలో ఆలోచించాల్సిన పని లేదు.

కానీ వాడు నాకు ఫోన్ చేసి అడిగింది డబ్బు గురించి కాదు. "అమ్మా, కారు అమ్ముతున్న. బాపుకు నువ్వు చెప్పవా?" అన్నాడు.

"ఉద్యోగం పోయిందని నువ్వే చెప్పినవు కదా, ఇది కూడా నువ్వే చెప్పు" అన్నాను.

"అది చెప్పుడు అల్కగ ఉండె. ఇదే చెప్పబుద్ధి అయితలేదు" అన్నాడు.

ఆ మాట విని నేను కాసేపు పసుపు కొమ్ములు ఆరబోసిన పరదా పక్కనే కూర్చుండిపోయాను. కొడుకు తండ్రికి ఉద్యోగం పోయిన సంగతి చెప్పగలిగాడు. కారు అమ్ముతున్న సంగతి చెప్పలేకపోతున్నాడు. ఆ ఎర్ర కారు వాడికి బండి కాదు. తండ్రి ఫోటోలో పక్కన నిలబడ్డ వస్తువును ఒక్కసారైనా తండ్రిది చెయ్యడం. దాన్ని అమ్మితే మళ్లీ అది ఎవరిదో కారైపోతుంది.

చివరికి వాడే చెప్పాడు. మా ఆయన, "మంచిది" అన్నాడు. ఒక నిమిషం తర్వాత, "ఎంత అడుగుతున్నవు?" అన్నాడు.

మావాడు కొన్న 14,000, పెట్టిన 12,000 కూడి 26,000 అని అమ్మకానికి పెట్టాడట. పెట్టించిన ప్రతి సామాను పేరూ రాశాడు. రెండు వారాల్లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొనేవాళ్లు కాదు. ఒకసారి నడిపి చూస్తాం అని వచ్చే కుర్రవాళ్లు. నిజంగా కొనగలిగినవాళ్లు ఆ సామాను జాబితా చూడగానే వెనక్కి పోయారు. టర్బో గాలి పెంచిన బండి అంటే దాన్ని ఎంత గట్టిగా తోలి ఉంటాడో అని వాళ్ల భయం. మనం గొప్ప అనుకుని రాసిందే కొనేవాడికి అనుమానంగా కనిపించింది.

అప్పుడు మా ఇంట్లో పసుపు ఉడకబెట్టి ఆరబెట్టే రోజులు. మా మరిది వచ్చి, "గంత మంచి బండి అగ్గువకు అమ్ముడెందుకు, ఇక్కడికే తెప్పిద్దాం వదినా" అన్నాడు. మా ఆయన నవ్వాడు. మన దేశంలోకి పాత బండి తేవాలంటే మూడేళ్లకు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇది ముప్పై ఏళ్లు దాటింది, స్టీరింగ్ ఎడమవైపు. పైగా సుంకం బండి ధర కన్నా ఎక్కువ అవుతుంది. అదీగాక ఇక్కడ కంపెనీ ఇచ్చిన దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. రంగు మార్చినా ఆర్సీలో రాయించుకోవాల్సిందే.

మా మరిదికి ఇది తెలియంది కాదు. ఆయన దగ్గర యమహా ఆర్ఎక్స్100 ఉండేది, ఏపీ 15 నంబరుతో, మేం కరీంనగర్ జిల్లాలో ఉన్నప్పటిది. అది కూడా జపాన్ కంపెనీ బండే, మన దగ్గర 1996 వరకు తయారైంది. పడుచు వయసులో దాని సైలెన్సర్‌కు బొక్కలు పెట్టించి, హ్యాండిల్ మార్పించి ఊరంతా మోత మోగించాడు. ఆ బండ్లకు ఇప్పుడు మంచి గిరాకీ ఉందని అమ్మబోతే, వచ్చినాయన చుట్టూ తిరిగి చూసి, "అన్నా, ఒరిజినల్ సైలెన్సర్ ఉన్నదా?" అని మొదటి ప్రశ్న వేశాడు. లేదు. ధర అక్కడికక్కడే దిగిపోయింది.

నేను పసుపు చూపించి ఒక మాట అన్నాను. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి పాలిష్ పడతాం. దానికి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు మార్కెట్లో తిరిగి వస్తుంది, ఎందుకంటే పాలిష్ పట్టిన కొమ్ము కొనేవాడికి కావాలి. గుండ్ల పేరుకు మజూరి తిరిగి రాలేదు, ఎందుకంటే ఆ డిజైన్ నాకు కావాలి, కొనేవాడికి అక్కర్లేదు. ఖర్చు రెండూ ఖర్చే. ఒకటి వస్తువు విలువకు చేరింది, ఇంకోటి మన మనసుకు చేరింది. కారు మీద పెట్టిన 12,000లో ఏది పాలిష్, ఏది మజూరి?

మా ఆయన ఆ రాత్రే కొడుక్కి ఫోన్ చేశాడు. "నీ తల్లి మంచి మాట చెప్పింది" అని మొదలుపెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో బండ్ల విషయంలో నా మాట నిలబడ్డది అదే మొదలు.

ఆ తర్వాత వారం రోజులు తండ్రీ కొడుకులు వీడియో కాల్‌లో పని చేశారు. అక్కడ రాత్రి, ఇక్కడ పొద్దున. అట్టపెట్టెలు విప్పారు. మోత సైలెన్సర్ తీసి కంపెనీ సైలెన్సర్ బిగించాడు. గాలి ఒత్తిడి పెంచే పరికరం తీసేశాడు. పాత చిప్పు పెట్టాడు. పెద్ద చక్రాలు తీసి కంపెనీ చక్రాలు ఎక్కించాడు. స్ప్రింగులు మార్చాడు. బండి మళ్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు నిలబడింది. తీసిన సామాను విడివిడిగా, అట్లాంటివే వెతుక్కునే వాళ్లకు అమ్మాడు. 3,000 డాలర్లు వచ్చాయి. 8,000 పెట్టిన వాటికి 3,000. అది మజూరి.

తర్వాత మా ఆయన చెప్పినట్టు ఒక మెకానిక్ దగ్గర ఆరు సిలిండర్ల ఒత్తిడి కొలిపించాడు. ఆరూ దాదాపు ఒకే అంకె. ఏదన్నా ఒకటి బాగా తగ్గితే ఇంజన్ లోపల అరిగిందని గుర్తు. ఆ కాగితం, బెల్టు మార్చిన బిల్లు, క్లచ్ బిల్లు, గొట్టాల బిల్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టింది మా కోడలు. కొత్తగా ఇచ్చిన ప్రకటనలో సోకుల జాబితా లేదు, బిల్లుల జాబితా ఉంది. ధర 19,000.

నాలుగో రోజు ఒక పెద్దాయన వచ్చాడట. హ్యూస్టన్ వైపు నుంచి, యాభై దాటిన మనిషి. నడిపి చూస్తానని ముందు అడగలేదు, బిల్లులు చూపించమన్నాడు. గంటసేపు ఫైలు చదివాడు. తర్వాతే బండి కింద పడుకుని చూశాడు. 18,000కు బేరం కుదిరింది. రిపేర్లకు పెట్టిన 4,000 పూర్తిగా ధరలోకి వచ్చింది. అది పాలిష్.

డబ్బు విషయంలో మా కోడలు గట్టిది. చెక్కు చేతికిచ్చి బండి తీసుకుపోతాననేవాళ్లు ఉంటారు, దొంగ బ్యాంకు చెక్కులు కూడా తిరుగుతాయి. అందుకని ఆ పెద్దాయన బ్యాంకు బ్రాంచికే అందరూ కలిసి వెళ్లి, అక్కడ కౌంటర్లో చెక్కు రాయించి తీసుకున్నారు. టెక్సస్‌లో అమ్మినవాళ్లు టైటిల్ కాగితం వెనక సంతకం పెట్టి ఇవ్వాలి, నంబరు ప్లేట్లు తీసేసుకోవాలి, బండి అమ్మేశామని 30 రోజుల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇవన్నీ ఆమె ఆ రోజే చేయించింది.

ఇది మనకు కూడా పనికొచ్చే మాట కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. మన దగ్గర బండ్లు ఎట్లా అమ్ముతారు? తాళం చెవి, ఆర్సీ ఇచ్చి, డబ్బులు లెక్కపెట్టుకుని, చాయ్ తాగి వస్తారు. మా వాడకట్టులో ఒకాయన మోటార్ సైకిల్ అట్లాగే అమ్మాడు. ఏడాది తర్వాత కూడా హెల్మెట్ లేదని, సిగ్నల్ దాటిందని చలాన్లు ఈయన ఫోన్‌కే వస్తున్నాయి. చలాన్లతో పోతే అదృష్టమే. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది. బండి ఎవరెవరి చేతులు మారినా, ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే ఓనరు, నష్టపరిహారం బాధ్యత వాళ్లదే.

కాబట్టి మీ ఇంట్లో బండి అమ్ముతుంటే, డబ్బులు ఎన్ని అని అడిగినట్టే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయ్యాయా అని కూడా అడగండి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు ఆర్టీఏకు తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉండి తీరిపోతే, ఫారం 35తో ఆ పేరు ఆర్సీలోంచి తీయించాలి. కొన్నవాళ్ల ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబరు, బండి ఇచ్చిన తేదీ, సమయం రాసిన కాగితం ఇంట్లో ఉండాలి. ఈ కాగితాలు దాచే పని ఎట్లాగూ మనదే. బీరువాలో పట్టుచీరల కింద ఏ కాగితం ఎక్కడుందో మనకే తెలుసు.

ఇక మావాడి లెక్క. పెట్టింది 26,000, వచ్చింది 21,000. పోయింది 5,000. మా కోడలు దాన్ని నెలలతో భాగించింది. నెలకు డెబ్బై ఐదు డాలర్ల దాకా వచ్చింది. "అత్తమ్మా, జిమ్ముకు కట్టి పోనివాళ్లు ఇంతకన్న ఎక్కువే పోగొట్టుకుంటరు. ఈయన రోజూ నడిపిండు, కడిగిండు, మామయ్యతోని మాట్లాడిండు. నాకు ఇది నష్టమనిపిస్తలేదు" అంది. ఆ పిల్ల నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు నాకు సంతోషమైంది. మొగుడి మోజును ఎగతాళి చేయడం తేలిక, దానికి లెక్క కట్టి ఒప్పుకోవడం కష్టం.

నేను కూడా ఇప్పుడు మజూరిని దండగ అనను. ఆ గుండ్ల పేరు నా పెళ్లి నుంచి అమ్మేదాకా నా మెడలో ఉంది. పండుగలకు, పెళ్లిళ్లకు, బతుకమ్మ ఆటకు పెట్టుకున్నాను. మజూరి అప్పుడే వసూలైంది. అవుసలాయన తూకంలో వెతికితే ఎట్లా దొరుకుతుంది? బాధ ఎక్కడొస్తుందంటే, వాడుకుని తీర్చుకున్నదాన్ని మళ్లీ అమ్మకంలో కూడా రాబట్టాలనుకున్నప్పుడు వస్తుంది. ఇంకో మాట కూడా ఉంది. కష్టం వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు అనే ధీమాతో మోజుకు ఖర్చు పెడితే మాత్రం చిక్కే. కష్టానికి బంగారం వేరే ఉండాలి, మోజుకు మజూరి వేరే ఉండాలి. ఇంట్లో మగవాళ్లు కొత్త సెల్లు కొన్నా, బుల్లెట్టుకు సైలెన్సర్ మార్చినా, మనం హాల్లో సీలింగుకు పూల డిజైన్ చేయించినా ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

మావాడికి 52వ రోజు కొత్త కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, గడువు లోపలే కాగితాలు వేశారు. కారు అప్పటికి అమ్ముడై పది రోజులు. బంధువుల్లో ఒకామె, "అయ్యో, పది రోజులు ఆగితే కారు మిగిలేది కదా" అంది. మా ఆయన కొంచెం కోపంగా, "కారు ఉంటుండె. పది రోజులు వానికి నిద్ర ఉండకపోవు" అన్నాడు. ఆ సంభాషణ అక్కడితో ఆగింది.

బండి ఇచ్చే ముందు రోజు మా ఆయన కొడుకుతో ఒక కాగితం రాయించాడు. ఈయన తెలుగులో చెప్పాడు, వాడు ఇంగ్లీషులో రాశాడు. కొన్నాయనకు ఇవ్వమని. ఆరు సంగతులు. పొద్దున స్టార్ట్ చేయగానే గట్టిగా తొక్కొద్దు, నూనె వేడెక్కనివ్వాలి. దూరం తోలి వచ్చాక వెంటనే తాళం తీయొద్దు, ఒక నిమిషం అట్లాగే నడవనివ్వాలి. టర్బో నిప్పులా కాలి ఉంటుంది, ఇంజన్ ఆపగానే నూనె ఆగిపోతుంది, ఆ వేడికి లోపల నూనె మాడి పేరుకుంటుంది. నూనె చెప్పిన దూరం కన్నా ముందే మార్చాలి. ఎడమవైపు వెనక ఉన్న ఒక గొట్టం తను మార్చిందే, దానికి భయం లేదు. కుడివైపుది మాత్రం ఎండుతోంది, చూసుకోవాలి. చివరిది, కంపెనీ సామాను ఎప్పుడూ పారేయొద్దు.

నెల రోజుల తర్వాత ఆ పెద్దాయన మావాడికి మెసేజ్ పెట్టాడు. కుడివైపు గొట్టం నిజంగానే పగిలిందట, ఇంజన్ విప్పకుండా ఎట్లా మార్చాలో మీ నాన్నను అడిగి చెప్పమన్నాడు. ఆ ఆదివారం పొద్దున మా ఆయన అరుగు మీద కూర్చుని, ఫోన్ను స్టీలు చెంబుకు ఆనించి, చేతులు గాలిలో తిప్పుతూ, "ముందుగల బ్యాటరీ ఇప్పమను" అని మొదలుపెట్టాడు. అక్కడ శనివారం రాత్రి. మావాడు ఇంగ్లీషులో చెప్తున్నాడు, ఆ పెద్దాయన టార్చిలైటు పట్టుకుని వంగి చూస్తున్నాడు. ముక్కాలు గంట పట్టింది. నేను రెండుసార్లు చాయ్ పెట్టి ఇచ్చాను, రెండుసార్లూ చల్లారిపోయింది.